మోటార్లు తిరగాల్సిన వైపు

ఈదులగడ్డ ఎత్తిపోతల పథకంలో రెండు మోటార్లున్నాయి. ఇరవై రెండేళ్ళుగా అవి కృష్ణలో నీళ్ళు తోడి గట్టు మీది కాలవలో పోస్తూ తమ పని తాము చేసుకుపోతున్నాయి. అవి ఎటు తిరుగుతున్నాయని ఇన్నేళ్ళలో అడిగిన నాథుడు లేడు. తిరిగితే కాలవలో నీళ్ళు, తిరక్కపోతే ఆపరేటర్ ఏసోబుకి తిట్లు. వ్యవహారమంతా ఇంతే. ఇంత సాఫీగా నడిచే పని ఏ శాఖలోనైనా ఎన్నాళ్ళని నిలుస్తుంది చెప్పండి.

ఆ రోజు వచ్చిన పెద్దాఫీసరు గారికి మాత్రం దురుద్దేశం ఏమీ లేదు, పాపం. పక్క మండలంలో ఏదో ప్రారంభోత్సవానికి వెళ్తుంటే కారు టైరు దిగిపోయింది. డ్రైవరు టైరు మారుస్తున్నంతసేపూ ఊరికే ఉండటం ఇష్టంలేక ఆయన పంపుహౌసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పంపుహౌసంటే పొడుగాటి గది. ఒక కొసన రోడ్డు వైపు గుమ్మం, ఇంకో కొసన ఏటి వైపు గుమ్మం. నడుమ ఒకే వరసలో రెండు మోటార్లు, మాట్లాడుకోవడం మానేసి ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్న అత్తాకోడళ్ళలాగా ఉంటాయి. ఒకటో మోటారు మొహం రోడ్డు వైపు, రెండోదాని మొహం ఏటి వైపు. ఎవరి మొహం ముందు వాళ్ళ పంపు. అట్లా వీపులు పెట్టి కూర్చున్నాయి కాబట్టి, గుమ్మంలోంచి చూసేవారికి రెండోది గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతున్నట్టూ, ఒకటోది దానికి ఎదురు తిరుగుతున్నట్టూ కనిపిస్తుంది.

పెద్దాఫీసరు గారు కాసేపు తేరిపార చూశారు. "ఒకే శాఖ, ఒకే కరెంటు, ఒకే కప్పు. మళ్ళీ రెండు దిక్కులేమిటయ్యా?" అన్నారు.

అడిగింది ఏఈ కులశేఖర్‌ని. ఆ కుర్రాడు ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. మోటార్ల వైపు ఓసారి, పెద్దాఫీసరు గారి వైపు ఓసారి చూశాడు. పక్కనే నిలబడి ఉన్న ఏసోబు చెప్పబోయాడు గాని, అంతలో టైరు బిగించడం అయిపోయింది. కారు వెళ్ళిపోయింది. పదకొండో రోజున సర్క్యులర్ వచ్చింది.

"శాఖ పరిధిలోని సమస్త త్రీఫేజు మోటార్ల భ్రమణమునందు నెలకొన్న అవాంఛనీయ వైవిధ్యమును నిర్మూలించి, గడియార దిశలో సంపూర్ణ ఏకరూపత సాధించు నిమిత్తము తక్షణ చర్యలు గైకొనవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఏమరుపాటు తీవ్రముగా పరిగణించబడును."

కులశేఖర్ ఆ కాగితం పట్టుకుని పంపుహౌసుకి వచ్చాడు. ఏసోబు దాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏ వైపు నుంచి చూస్తే గడియారం వైపు సార్?" అని అడిగాడు. "గోడ గడియారాన్ని గోడ వెనక నుంచి చూస్తే ముల్లు ఎదురు తిరుగుద్ది గదా. ఇదీ అంతే. ఒకటోదాని మొహం ఇటుంది, రెండోదానిది అటుంది. దేని మొహం ముందు నిలబడితే అది సక్కంగానే తిరుగుతోంది."

"నాకు తెలుసు ఏసోబు గారూ. నేనూ చదువుకునే వచ్చాను."

"మరి అదే రాసి పంపండి."

"రాస్తే, అంత తెలిసినవాడివి నువ్వే వచ్చి చెప్పు అంటారు. వెళ్ళి చెప్తే, మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదంటారు." కులశేఖర్ మొహం తుడుచుకున్నాడు. "ముందు కంప్లయన్స్ పంపేద్దాం. తర్వాత చూసుకుందాం."

మన ఉద్యోగాల్లో తర్వాత చూసుకుందాం అన్న మాట అన్నాక ఇంక వాదన ఉండదు. ఏసోబు మెయిను దించి, ఒకటో మోటారు స్టార్టరు పెట్టె తెరిచి, లోపలికొచ్చే మూడు తీగల్లో రెండింటిని ఇటుదటు అటుదిటు మార్చి బిగించాడు. రెండు నిమిషాల పని. మోటారు బుద్ధిగా ఎదురు తిరిగింది. గుమ్మంలోంచి చూస్తే ఇప్పుడు రెండూ గడియారం వైపే. కులశేఖర్ వీడియో తీసి 'ఏకరూపత' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వెంటనే పద్నాలుగు చప్పట్ల బొమ్మలు వచ్చాయి. సాయంత్రంలోగా స్టార్టరు పెట్టెలకి లక్కతో సీలు వేసి, అనుమతి లేకుండా సీలు తీసినవారిని సస్పెండ్ చేస్తామని పెట్టె మీద కాగితం అంటించారు.

అంతా బాగానే ఉంది. ఒక్క నీళ్ళే రాలేదు. మోటారు ఎటు తిరిగినా దానికి పోయేదేమీ లేదు గాని, దాని ముందున్న పంపు అట్లా కాదు. పంపు లోపలి రెక్కలు ఒక వైపు తిరిగితేనే నీటిని పైకి నెడతాయి. ఎదురు తిరిగితే ఉన్నచోటే గిలక్కొడతాయి. పాపం ఒకటో మోటారు రోజంతా గుర్రుగుర్రుమంటూ కృష్ణ నీళ్ళని చిలికింది. గట్టెక్కింది మాత్రం రెండో మోటారు తోడిన నీళ్ళే.

రెండు మోటార్లూ పోస్తే నీళ్ళు రెండో రోజుకి కాలవ కొసకి చేరతాయి. ఒక్కటే పోస్తే నడిమి తూముల దగ్గరే అయిపోతాయి. కొసన ఉన్న ఆఖరి తూము కింద నాగేంద్రమ్మ ఎకరన్నర కౌలుకి తీసుకుని మిరప వేసింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. తోట పూత మీద ఉంది. పూత మీదున్న మిరపకి తడి తప్పితే చెట్టు చావదు, పూత రాలుస్తుంది. పూత రాలిన తోటని చూస్తూ కూర్చోవడం తప్ప రైతుకి చెయ్యగలిగింది లేదు. నాలుగో రోజు పొద్దున్నే నాగేంద్రమ్మ కాలవ గట్టు వెంట మూడు మైళ్ళు నడిచి పంపుహౌసుకి వచ్చింది.

"ఏందన్నా ఇది?" అంది ఏసోబుని చూస్తూనే. "రెండు మోటార్లూ మోగుతున్నయ్. మా తూములో చూస్తే కప్పలు గూడా లేచిపోయినయ్."

ఏసోబు ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి సంగతంతా చెప్పాడు. ఆమెకి ఒక ముక్క అర్థం కాలేదు. "రెండు తీగలు మారిస్తే ఎదురెట్టా తిరుగుద్ది?" అని అడిగింది.

ఇరవై రెండేళ్ళలో మోటారు గురించి ఏసోబుని అడిగిన మొదటి మనిషి ఆమె. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "చెప్తా చూడు చెల్లెమ్మా. నువ్వూ, నీ తోడికోడలూ, నీ ఆడబిడ్డా గుండ్రంగా కూర్చున్నారనుకో. ఆకువక్కల పళ్ళెం నీ చేతిలోంచి తోడికోడలికి, ఆమె చేతిలోంచి ఆడబిడ్డకి, మళ్ళీ నీకు. ఆ వరస తప్పకూడదు."

"మా ఇంట్లో పళ్ళెం మళ్ళీ నా దాకా రాదులే. కానీ చెప్పు."

"వచ్చిందనుకో. మూడు తీగల్లో కరెంటు అట్టాగే వస్తది. ఒకేసారి కాదు, ఒకదాని ఎనక ఒకటి. మీ నడుమ ఓ పిల్లి ఆ పళ్ళెం వెంటబడి తిరుగుతా ఉంది. ఆ పిల్లే మోటారు లోపల తిరిగే ఇరుసు. ఇప్పుడు నువ్వూ నీ తోడికోడలూ చోట్లు మార్చుకున్నారు. వరస అదే, నీ తర్వాత ఆమె, ఆమె తర్వాత ఆడబిడ్డ. పళ్ళెం ఎటు తిరుగుద్ది?"

నాగేంద్రమ్మ గాలిలో చెయ్యి తిప్పి చూసుకుంది. "అటు నుంచి ఇటు."

"పిల్లీ అంతే. మీ ముగ్గురిలో ఏ ఇద్దరు మారినా అంతే."

"మరి ముగ్గురం లేచి తలా ఒక చోటు పక్కకి జరిగితే?"

"ఏం మారదు. ఎప్పటిలాగే తిరుగుద్ది."

"ఓసింతేనా," అంది నాగేంద్రమ్మ. "ఆ ఇద్దర్నీ మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళని కూర్చోబెట్టరాదా మరి?"

ఏసోబు లక్క సీలు వైపు చూపించాడు. ఆయనకి ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. ఆమె ఆ సీలు వైపు కాసేపు చూసి, "ఈ పూతకి ఇంకొక్క తడి పడాలన్నా. ఆలస్యమైతే నేను చెయ్యగలిగింది ఏం లేదు" అని లేచి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని ఏసోబుకి అనిపించింది.

ఆ తర్వాతి వారం నాణ్యతా విభాగం వారు తనిఖీకి వచ్చారు. వీరి ఆఫీసు ఏటికి అవతలి ఒడ్డున ఉంది. కాబట్టి వారు పడవలో వచ్చి, ఏటి వైపు గుమ్మంలో నిలబడ్డారు. డీఈ శశిరేఖ మేడం చాలా నిక్కచ్చి మనిషి. గుమ్మంలోంచి ఒకటో మోటారుని చూశారు, రెండో మోటారుని చూశారు, తన చేతి గడియారాన్ని చూసుకున్నారు. రెండు మోటార్లూ గడియారానికి ఎదురు తిరుగుతున్నాయి.

"ఏకరూపత ఉంది, కానీ పూర్తిగా తప్పు వైపు ఉంది," అన్నారు మేడం. "ఇది వైవిధ్యం కన్నా ప్రమాదకరం. సున్నా శాతం అమలు."

"మేడం, అటు గుమ్మంలోకి వచ్చి చూస్తే..." అన్నాడు ఏసోబు.

"తనిఖీ అధికారి ఎక్కడ నిలబడాలో ఆపరేటర్ నిర్దేశించరాదు," అన్నారు మేడం. అది ఏ రూలో ఎవరికీ తెలియదు గాని, ఆమె అన్న తీరులో రూలు లాగే ఉంది.

సీళ్ళు తీయించారు. రెండు మోటార్లకీ తీగలు మార్పించారు. మళ్ళీ సీళ్ళు వేయించారు. ఇప్పుడు ఒకటో మోటారు నీళ్ళు తోడటం మొదలెట్టింది. ఇన్నాళ్ళూ తోడుతున్న రెండోది చిలకడం మొదలెట్టింది. కాలవలో నీళ్ళు అంతే ఉన్నాయి, సగం.

మేడం నివేదిక చేరగానే జిల్లా ఆఫీసులో గగ్గోలు పుట్టింది. తాము నూటికి నూరు శాతం అని పంపిన చోట సున్నా ఎట్లా వచ్చిందని ఏకరూపతా స్పెషలాఫీసరు విశ్వంభరరావు గారు స్వయంగా జీపులో బయల్దేరి వచ్చారు. ఆయన భారీ మనిషి, మాట అంతకన్నా భారీ. జీపు రోడ్డు మీద ఆగింది కాబట్టి రోడ్డు వైపు గుమ్మంలో నిలబడ్డారు. రెండు మోటార్లూ ఎదురు తిరుగుతూ కనిపించాయి.

"ఉద్దేశపూర్వక తిరోగమనం," అన్నారు. "వెంటనే సరిదిద్దండి."

ఏసోబు మెయిను దించి, పెట్టె తెరిచి రెండు తీగలు విప్పబోతుంటే ఆయన ఆపారు. "ఎన్ని తీగలున్నాయక్కడ?"

"మూడండి."

"మరి రెండే విప్పుతున్నావేం?"

"రెండు మారిస్తే చాలండి."

"చాలు అనుకోవడమే ఈ శాఖని ఈ స్థితికి తెచ్చింది. మూడుండగా రెండు మార్చడం అరకొర పని. మూడూ మార్చు. చిత్తశుద్ధి అంటే అదీ."

ఏసోబు ఆయన చెప్పినట్టే మూడు తీగల్నీ తలా ఒక చోటు పక్కకి జరిపి బిగించాడు. బొత్తాం నొక్కాడు. మోటారు అంతకుముందు ఎటు తిరుగుతోందో అటే తిరిగింది. విశ్వంభరరావు గారు ఇంకోసారి మూడూ జరిపించారు. ఇంకోసారీ అటే తిరిగింది. ఆయన నొచ్చుకున్నారు. రిజిస్టరులో "సిబ్బంది సంపూర్ణముగా సహకరించినప్పటికీ యంత్రము సహకరించలేదు" అని రాసి టీ తాగడానికి కూర్చున్నారు. ఆయన టీ తాగుతున్నంతసేపట్లో ఏసోబు రెండు పెట్టెల్లోనూ రెండేసి తీగలు మార్చేశాడు. టీ అయి వచ్చి చూసేసరికి రెండు మోటార్లూ దారికొచ్చి ఉన్నాయి. "మొదట్లో మొండికేస్తాయి, గట్టిగా నిలబడితే వింటాయి" అని స్పెషలాఫీసరు గారు కులశేఖర్‌కి పాలనా సూత్రం ఒకటి బోధించి వెళ్ళారు.

మళ్ళీ పడవ వచ్చింది. మళ్ళీ జీపు వచ్చింది. పడవ వచ్చినప్పుడల్లా ఒకటోది తోడింది, రెండోది చిలికింది. జీపు వచ్చినప్పుడల్లా రెండోది తోడింది, ఒకటోది చిలికింది. రెండు ఆఫీసుల నుంచీ వంతులవారీగా నూరు శాతం అమలు నివేదికలు పైకి వెళ్ళాయి. పోల్చి చూసుకోవడానికి పంపుహౌసుకో గోడ గడియారం కూడా మంజూరైంది. ఎస్టిమేట్లో బ్యాటరీ రాయలేదు కనుక దాని ముల్లు ఏ వైపూ తిరగలేదు.

ఏసోబు ఇక లాభం లేదని ఓ అర్జీ రాసుకుని జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. నాగేంద్రమ్మ చేతా, ఇంకో పదిమంది కొస రైతుల చేతా వేలిముద్రలూ సంతకాలూ పెట్టించాడు. లోపల అడుగు పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. ఫ్యాన్లు పూర్తి స్పీడు మీద తిరుగుతున్నాయి, అందరూ చెమటలు కక్కుతున్నారు. పైకి చూశాడు. మామూలుగా సీలింగు ఫ్యాను కింద కూర్చుని చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతుంది. అట్లా తిరిగితేనే గాలి కిందికొస్తుంది. ఏకరూపత కోసం ఆఫీసు ఫ్యాన్లన్నిటినీ గడియారం వైపు తిప్పించేశారు. గాలంతా కప్పుకి కొడుతోంది.

"ఇబ్బందేం లేదు," అన్నారు విశ్వంభరరావు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ఫైళ్ళు ఎగరడం తగ్గింది. సంస్కరణల వల్ల ఊహించని లాభాలు ఇట్లాగే ఉంటాయి. నీ సంగతేమిటి?"

"నీళ్ళు సగమే వస్తున్నయ్ సార్. కొస తూముకి అసలే అందడం లేదు. మిరప పూత మీదుంది. ఇంకో వారం దాటితే తోటలు పోతయ్."

ఆయన అర్జీ తీసుకుని ఓపికగా మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఆ మాత్రం మర్యాద ఆయనకుంది. తర్వాత ఏకరూపత ప్రొఫార్మా తీసి అందులో ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి చూసుకున్నారు. "మోటారు సంఖ్య ఉంది. దిశ ఉంది. శాతం ఉంది. నీళ్ళు అనే కాలమ్ ఇందులో లేదయ్యా. అది వేరే సెక్షను." అర్జీ మీద 'సంబంధిత సెక్షనుకు' అని రాసి సంతకం పెట్టారు. ఏసోబు వేరే సెక్షనుకి వెళ్ళాడు. మోటార్లు రెండూ తిరుగుతున్నాయా అని వారడిగారు. తిరుగుతున్నాయని ఏసోబు చెప్పాడు. తిరుగుతున్న మోటార్లకి తమ సెక్షనులో ఫిర్యాదు తీసుకోరని వారు చెప్పారు.

ముప్ఫై ఎనిమిదో రోజు పొద్దున ఏడింటికి నాగేంద్రమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. కొంగు ముడి విప్పి బల్ల మీద పోసింది. రాలిన మిరప పూత, పిడికెడు. తెల్లగా ఉండాల్సినవి గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి.

"కింది కొమ్మల పూత పోయింది. బిందెలతో మోసి పోసిన కాడికి పై కొమ్మలకి ఇంకా ఉంది," అంది. ఊరికే చెప్పింది, ఎవరినీ నిందించే గొంతు కాదు. "ఇంకో రెండు రోజులుంటుందేమో."

ముప్ఫై ఎనిమిది రోజులుగా ఏ కాగితానికాకాగితం వినయంగా అమలు చేస్తూ వచ్చినందుకు ఏసోబుకి తన మీద తనకే ఒళ్ళు మండింది. లేచాడు. స్పానరు తీశాడు. అంతకుముందు వచ్చింది జీపు కాబట్టి తప్పు వైపు తిరుగుతున్నది ఒకటో మోటారు. మెయిను దించి దాని పెట్టె మీద సీలుని స్పానరు మొనతో ఊడబెరికి, రెండు తీగలు మార్చి, తలుపు వేసి బొత్తాం నొక్కాడు. రెండు నిమిషాలు. గొట్టంలోంచి నీళ్ళు దబ్బున కాలవలో పడ్డాయి. నాగేంద్రమ్మ బయటికి వెళ్ళి కాలవలోకి తొంగిచూసి, మళ్ళీ లోపలికొచ్చి బల్ల మీద కూర్చుంది.

తొమ్మిదింటికి కులశేఖర్ ఫోను చేశాడు. "ఏసోబు గారూ, ఇవాళ ఉమ్మడి తనిఖీ అట. పదకొండింటికి జీపూ వస్తోంది, పడవా వస్తోంది. ఎవరి నివేదిక నిజమో తేల్చుకుంటారట."

"సార్, నేను పొద్దున సీలు తీశాను. మోటార్లు రెండూ మునుపున్నట్టే పెట్టాను."

కులశేఖర్ గొంతు తగ్గించాడు. "మళ్ళీ మార్చేస్తారా? ఇంకా టైముంది."

"మార్చను సార్," అన్నాడు ఏసోబు.

పదకొండింటికి విశ్వంభరరావు గారు రోడ్డు గుమ్మంలోనూ, శశిరేఖ మేడం ఏటి గుమ్మంలోనూ నిలబడ్డారు. ఒకరి వెనక నలుగురు, ఇంకొకరి వెనక నలుగురు. వెళ్ళడానికి దారి లేక, కూర్చున్న బల్ల కూడా రిజిస్టర్లకి కావాలని ఎవరో లాక్కోవడంతో, నాగేంద్రమ్మ రెండు మోటార్ల నడుమ ఉన్న మూరెడు సందులోకి వెళ్ళి నిలబడింది.

"ఒకటో మోటారు తప్పు, రెండోది ఒప్పు. యాభై శాతం," అని ఇటు నుంచి స్పెషలాఫీసరు గారు ప్రకటించారు.

"పొరపాటు. ఒకటోది ఒప్పు, రెండోది తప్పు. యాభై శాతం," అని అటు నుంచి మేడం ప్రకటించారు.

"శాతంలో ఏకీభవిస్తున్నాం, వివరాల్లో విభేదిస్తున్నాం," అన్నారు విశ్వంభరరావు గారు గంభీరంగా. "దీన్ని మినిట్స్‌లో రాయండి. అసలు ఈ మోటార్లను ఎవరు కదిపారు? సీలేదీ?"

కులశేఖర్ నేల చూపులు చూశాడు. ఏసోబు ఒకడుగు ముందుకేశాడు. "నేనేనండి," అన్నాడు.

విశ్వంభరరావు గారు జేబులోంచి కలం తీశారు. ఆ కలం ఎందుకు తీశారో అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడు మోటార్ల నడుమ నుంచి నాగేంద్రమ్మ మాట్లాడింది.

"మీరిద్దరూ అటొకరూ ఇటొకరూ నిలబడి ఏం తగూలాడుకుంటారయ్యా. ఇక్కణ్ణుంచి చూస్తే రెండూ ఒక పక్కకే తిరుగుతున్నయ్ గదా."

"ఎవరీవిడ?" అన్నారు మేడం.

"ఆఖరి తూము రైతండి," అన్నాడు కులశేఖర్.

"ఏ పక్కకి తిరుగుతున్నాయి?" అని విశ్వంభరరావు గారు అడిగారు.

నాగేంద్రమ్మ ఎడం వైపు చూసి గాలిలో వేలు తిప్పింది. కుడి వైపు తిరిగి చూసి మళ్ళీ తిప్పింది. రెండుసార్లూ గడియారం వైపే తిప్పింది.

స్పెషలాఫీసరు గారు కలం జేబులో పెట్టుకుని సందు వైపు నడిచారు. ఆ సందు మూరెడు, ఆయన మూరన్నర. పొట్ట బిగబట్టి, పక్కవాటుగా, కులశేఖర్ వెనక నుంచి కొంచెం సాయం పట్టగా ఎట్లాగో లోపలికి చేరారు. ఎడమకి చూశారు. గడియారం వైపు. అతి కష్టం మీద మెడ తిప్పి కుడికి చూశారు. గడియారం వైపు. ఆయన మొహం వెలిగిపోయింది.

"మేడం, మీరు కూడా ఒకసారి ఇట్లా వస్తే..."

మేడం వచ్చారు. ఆయన బయటికి రావడానికి పది నిమిషాలు పట్టాక ఆవిడ లోపలికి వెళ్ళారు. చేతి గడియారం చూసుకున్నారు. తల ఊపారు. "నూరు శాతం," అన్నారు.

అక్కడికక్కడే ఉమ్మడి తీర్మానం రాశారు. తనిఖీ అధికారులు ఇకపై ఏ గుమ్మంలోనూ నిలబడక, మోటార్ల నడుమ నిలబడి మాత్రమే భ్రమణమును పరిశీలించవలెను. నడుమ అన్నది లేని ఒంటి మోటారు పథకాలకు రెండో మోటారు మంజూరు చేయు విషయమై ప్రతిపాదనలు పంపవలెను. సీలు ఊడబెరకడం గురించి మేడం ఒకసారి గుర్తుచేశారు గాని, తీరా పెట్టె దగ్గరికి వెళ్ళి చూసి, "లక్క నాసిరకం" అని రాసుకున్నారు. అది జాలో, తొందరో, ఏసోబుకి తెలియలేదు. జీపు ఇటు వెళ్ళింది, పడవ అటు వెళ్ళింది. రెండు మోటార్లూ నీళ్ళు తోడుతూనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నానికి నీళ్ళు ఆఖరి తూముకి చేరాయి. కింది కొమ్మల పూత పోయింది పోయిందే, అది ఏ తీర్మానంతోనూ తిరిగి రాదు. పై కొమ్మల పూత మాత్రం నిలబడింది.

ఆ మర్నాడు ఏసోబుకి మెమో వచ్చింది. ఏకరూపతా కార్యక్రమమునకు పూర్వము ఈదులగడ్డ మోటార్లు ఏ దిశలో తిరిగెడివో, కార్యక్రమము ముగిసిన పిదప సైతము సరిగ్గా అదే దిశలో తిరుగుచున్నట్లు రికార్డులను బట్టి తెలియవచ్చినందున, మధ్యగల ముప్ఫై ఎనిమిది దినములలో తాము నిర్వహించిన విధులేమిటో ఏడు దినములలోగా లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇచ్చుకొనవలసినది.

ఏసోబు కళ్ళజోడు పెట్టుకుని తెల్లకాగితం తీశాడు. 'అయ్యా' అని రాశాడు. తీగలు మార్చాను అని రాస్తే, ఎందుకు మార్చావంటారు. మార్చలేదు అని రాస్తే, ఎందుకు మార్చలేదంటారు. 'నీళ్ళు' అని రాసి కొట్టేశాడు. ఇంతలో ఫోను మోగింది. నాగేంద్రమ్మ. వెనక ఎవరో పారతో మట్టి కొడుతున్న చప్పుడు, నీళ్ళ గలగల, ఎవరో ఎవర్నో కేకేస్తున్నారు.

"ఏసోబన్నా, చాలిక కట్టెయ్. చేను తడిసింది. మిరపకి నీళ్ళు నిలవగూడదు, వేళ్ళు కుళ్తయ్. ఇయ్యాల్టికి చాలు."

ఈ నలభై రోజుల్లో ఏసోబుకి వచ్చిన ఉత్తర్వులన్నిటిలోకీ ఒక్కసారి వినగానే అర్థమైంది ఇదొక్కటే. నంబరు లేదు, తేదీ లేదు, కింద ఎవరి సంతకమూ లేదు. ఆయన కాగితం పక్కన పెట్టి లేచి వెళ్ళి, రెండు మోటార్ల ఎర్ర బొత్తాలూ నొక్కి, దాన్ని తక్షణమే అమలు చేశాడు.